కళ్ళు సగం మూసి

గాంధీరోడ్డులో పాత్రలకొట్టు పైన, రెండో అంతస్తు.
ఫ్యాను తిరిగితే కాగితాలు లేచిపోతాయి,
తిరక్కపోతే చెమట కీబోర్డు మీద.
ఈ వారం పని: దామలచెరువు మామిడిమండీకి ఒక వెబ్ పేజీ.

భుజంగనాయుడు అడిగినవి నోటుపుస్తకంలో రాసుకున్నాను.
నెత్తిన ఆయన ఫోటో, శాలువాతో.
పేరు ఎర్రగా, వీలైతే మిణుకుమంటా.
రేటు ఎక్కడో ఒకచోట.
కమీషను మటుకు అట్టడుగున, బూడిదరంగులో, చీమతలంత.
"ఉండాల. కానీ కనపడగూడదు.
నీకు తెలీందేముందిమ్మా."

తెలుసు.
చూపు ఎక్కడ దిగుతుందో, ఎక్కడ జారుతుందో,
ఎక్కడ ఆగి ఊపిరి పీల్చుకుంటుందో.
నేర్పింది కాలేజీ కాదు, చెంగల్రాయులు.
బస్సులకు ఊళ్ళ పేర్లు రాసేవాడు,
పీలేరు, పలమనేరు, పుంగనూరు,
వేళ్ళ సందుల్లో ఎప్పుడూ కాస్త పసుపు పెయింటు.
"పరిగెత్తేవోడు చదవడుమే, ఆకారం చూస్తాడు.
పీలేరు పొట్టి, పలమనేరు పొడుగు, వాడికంతే చాలు.
ఆ పొట్టిదానికి అటూ ఇటూ చోటియ్యి.
రేకంతా నింపినావంటే
బస్సు పూడస్తాది, మనిషి నిలబడిపోతాడు."
రాయడం అయినాక రోడ్డు అవతలికి పోయి
కళ్ళు సగం మూసి చూసేవాడు.
మసకలో ఏది మిగిలితే అది బోర్డు.
మిగతాదంతా పెయింటు ఖర్చు.

తెలుగక్షరానికి కింద కూడా కాపురం ఉంటుంది.
అది మరిచి ఇంగ్లీషు కొలతతో వరసలు పేర్చాను.
"నిన్నటికన్నా రేటు తగ్గింది" అని కొడితే
గ కింది వొత్తు పచ్చడబ్బా అంచు కింద ఇరుక్కుని
"రేటు తగింది" అని తేలింది.
నాయుడు ఫోనులో చూసి నవ్వినాడు.
"బాగుండాదే, అట్నే ఉండనీ."
ఉండనివ్వలేదు. వరసల మధ్య జాగా పెంచాను.
వొత్తు బయటికొచ్చింది,
మంచం కింద నుంచి పిల్లి ఒళ్ళు విరుచుకుంటా వచ్చినట్టు.

మధ్యాహ్నం కింది కొట్లో బిందెకి మాటు వేయించను వచ్చింది రెడ్డెమ్మ,
నాలుగెకరాల తోతాపురి ఉన్న మనిషి.
పని అయ్యేదాకా పైన కూర్చోమని ఫోను చేతికిచ్చాను.
ఆమె తెర చూసింది. నేను ఆమె వేలు చూశాను.
ఫోటో మీద ఆగలేదు.
ఎర్రపేరు మీద ఆగలేదు.
పల్లంలో సైకిలు మాదిరి జారి
రేటు దగ్గర బ్రేకు పడింది.
పేజీలో అన్నిటికన్నా లావుగా పెట్టింది అదే:
తోతాపురి. కిలో ఐదు.

"ఎంత పెద్ద అచ్చరాల్లో రాసినావుమే," అంది,
"ఇంత చిన్న రేటుని."

నేను గర్వపడాలో ఏం చెయ్యాలో తెలీలేదు.
అంతలో, "దీంట్లో వాళ్ళు పట్టుకునేదెంత?" అంటా
వేలు కిందికి పోయింది.
బూడిదరంగు దాటింది. వెనక్కొచ్చింది.
మళ్ళీ దాటింది.
"లేదులే," అని ఫోను ఇచ్చేసింది.
ఉంది.
ఆమె చూపుని దాటించింది నేను.

రాత్రి, పాత్రలకొట్టు షట్టరు పడినాక
బూడిదని నలుపు చేశాను.
అట్టడుగు నుంచి లేపి ఐదు పక్కన కూర్చోబెట్టాను:
నూటికి పది.
అటూ ఇటూ చోటిచ్చాను, పొట్టి ఊరికి ఇచ్చినట్టు.
ఆ చోటు కోసం ఫోటో కొంత తగ్గించాల్సి వచ్చింది.
నాయుడున్నాడు. శాలువా పోయింది.

కుర్చీ గోడదాకా జరిపి కళ్ళు సగం మూశాను.
మసకలో పేరు లేదు, మామిడికాయ బొమ్మ లేదు.
ఐదు. పది.
చెంగల్రాయులు ఇంకో రెండడుగులు వెనక్కి పొమ్మనేవాడేమో,
వెనకాల గోడ.

నమూనా పంపి పది నిమిషాలు కాలేదు,
బల్ల మీద ఫోను గిరగిరా తిరుగుతోంది.
తెర నిండా
ఆయన పేరు, చాలా పెద్ద అక్షరాల్లో.